కొండ దారిలో రేడియో సెట్టు: వాట్లు కాదు, బిగింపు చూడాలి



వానాకాలం వస్తే మన గ్రూపులో ఒకే రకం ఫొటోలు వస్తాయి. నలుగురు కలిసి డోలీలో గర్భిణిని మోసుకొస్తుంటారు, వెనకాల బురదలో ఆశా కార్యకర్త నడుస్తుంటుంది. కింద అందరం "రోడ్డు లేదు" అని రాస్తాం. అది నిజమే. కానీ ఆ ఫొటోలో కనపడనిది ఇంకోటి ఉంది. డోలీ ఊరు దాటిన సంగతి కింద రోడ్డు మీద ఉన్న బండికి ఎప్పుడు తెలిసింది? చాలా ఊళ్లలో ముందు ఒకడు సిగ్నల్ దొరికే రాయి దాకా ఎక్కాలి. ఫోన్ కలిస్తే సరి. కలవకపోతే ఇంకో కొండ ఎక్కాలి. ఈ లోగా గంట పోతుంది. రోడ్డు వేయడానికి ఏళ్లు పడుతుందేమో గానీ, ఈ గంటను తగ్గించడానికి అన్నేళ్లు అక్కర్లేదు. అందుకే ఈ పోస్టు.

పోయిన నెల ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, ఆన్‌లైన్‌లో వాకీటాకీలు చవగ్గా ఉన్నాయి. ఊరికో జత కొనేస్తే అయిపోదా?" మంచి మనసుతో అడిగిన ప్రశ్న. జవాబు మాత్రం ఒక్క ముక్కలో చెప్పలేం. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అయ్యాక విశాఖలో ఒక వైర్‌లెస్ షాపులో రెండేళ్లు పనిచేశాను. జీపులు, టిప్పర్లు, బోట్లకు సెట్లు బిగించడమే నా పని. తర్వాత హామ్ పరీక్ష రాసి లైసెన్సు తీసుకున్నాను. ఆ రెండు దారుల్లో నాకు అర్థమైంది ఒకటే. మన కొండల్లో సెట్టు ఎంత పెద్దదనే దాని కంటే అది ఎక్కడ, ఎలా బిగించారనేది ముఖ్యం. దానికంటే ముఖ్యం, లైసెన్సు ఎవరి పేరు మీద ఉందనేది.

ముందు మొబైల్ సెట్టు అంటే ఏంటో చెప్తాను. మొబైల్ అంటే ఇక్కడ సెల్‌ఫోన్ కాదు. బండిలో బిగించే రేడియో. అదే వినిపిస్తుంది, అదే పంపిస్తుంది. మైకు బటన్ నొక్కితే మనం మాట్లాడతాం, వదిలితే వింటాం. ఇద్దరూ ఒకేసారి మాట్లాడలేం, అందుకే చివర "ఓవర్" అనడం. ఇది కొత్త వస్తువేమీ కాదు. అమెరికాలో డెట్రాయిట్ పోలీసులు 1928లోనే కార్లలో రేడియో పెట్టారు గానీ అది వినడానికే పనికొచ్చేది. 1933లో న్యూజెర్సీలోని బేయోన్ అనే ఊళ్లో పోలీసు కార్ల నుంచి తిరిగి జవాబు చెప్పే సెట్లు వచ్చాయి. అంటే తొంభై ఏళ్లు దాటింది. దీనికి టవరు అక్కర్లేదు, నెలనెలా రీచార్జి అక్కర్లేదు. రెండు సెట్లు, రెండు యాంటెన్నాలు, మధ్యలో అడ్డం లేని గాలి ఉంటే చాలు.

ఆ "అడ్డం లేని" అన్నదే మనకు అసలు చిక్కు. చేతి సెట్టు మామూలుగా 5 వాట్లు ఇస్తుంది. బండి సెట్టు 25 నుంచి 50 వాట్లు ఇస్తుంది. చూడగానే పదింతలు ఉంది కాబట్టి పదింతల దూరం పోతుందనుకుంటాం. పోదు. సెల్ టవర్ల లాగే ఈ వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు చూపు పోయినట్టే తిన్నగా పోతాయి. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే రేడియో హద్దు కిలోమీటర్లలో వస్తుంది. బండి కప్పు మీద, నేలకు రెండు మీటర్ల ఎత్తులో యాంటెన్నా ఉంటే సుమారు ఆరు కిలోమీటర్లు. అదే బండి చుట్టూ ఉన్న నేలకంటే వెయ్యి మీటర్ల ఎత్తున్న కొండ కొమ్ము మీద నిలబడితే లెక్క ప్రకారం 130 కిలోమీటర్లు. సెట్టు అదే, వాట్లు అవే. మారింది నిలబడిన చోటు. మైదానంవాళ్లకు కొండ అంటే అడ్డం. మనకు అదే టవరు. ఏ మలుపు దగ్గర ఏ లోయ కనపడుతుందో మనకు తెలిసినంతగా ఏ ఇంజనీరుకూ తెలీదు.

ఇది పుస్తకంలో చదివి ఊరుకోలేదు. లైసెన్సు, కావాల్సిన అనుమతి కాగితాలు చేతికొచ్చాక, నాతోపాటు పాసైన స్నేహితుడూ నేనూ మా మేనమామ జీపులో పాడేరు వైపు ఘాట్ రోడ్డు మీద రెండు రోజులు తిరిగాం. వాడు కింద ఊళ్లో ఇంటి కప్పు మీద యాంటెన్నా కట్టుకుని కూర్చున్నాడు. జీపు లోపల కూర్చుని చేతి సెట్టుతో మాట్లాడితే మూడో మలుపుకే గొంతు గరగరలాడి పోయింది. చుట్టూ ఉన్న ఇనుము కొంత సిగ్నల్ తినేస్తుంది కదా. అదే చోట బండి సెట్టు, బయటి యాంటెన్నాతో పిలిస్తే వాడి గొంతు ఇంట్లో ఉన్నట్టే వినిపించింది. ఆ తర్వాత ఒక కొండ భుజం అడ్డం వచ్చేసరికి యాభై వాట్లు పెట్టినా ఏమీ లేదు. బండిని వంద అడుగులు ముందుకు, లోయ కనపడే చోటికి తీసుకెళ్లి పవరు తక్కువలో పెట్టి పిలిచాను. వెంటనే పలికాడు. మా మామ అంతా చూసి, "అయితే ఇది కూడా సిగ్నల్ రాయి లాంటిదే కదరా" అన్నాడు. అవును మామా, కాకపోతే ఈ రాళ్లు మనం ఎంచుకోవచ్చు. ఆ రెండు రోజుల్లో పలికిన చోట్లు, పలకని చోట్లు ఒక నోటుబుక్కులో గీసుకున్నాం. సెట్టు కంటే ఆ నోటుబుక్కే ఎక్కువ విలువైందని నా నమ్మకం.

ఇప్పుడు బిగింపు సంగతి. షాపులో నేను చూసిన చెడిపోయిన సెట్లలో సగానికి పైగా సెట్టు తప్పు కాదు, బిగింపు తప్పు.

సెట్టు పెట్టే చోటు. మామూలుగా ఇంగ్లీషు యు ఆకారంలో ఉండే ఇనుప పట్టీతో డ్యాష్‌బోర్డు కింద బిగిస్తారు. నాలుగు స్క్రూలతో అయిపోతుంది, చవక కూడా. కానీ మన జీపుల్లో ముందు సీట్లోనే ముగ్గురు కూర్చుంటారు. మోకాళ్లు తగిలి వైర్లు ఊడతాయి. అలాంటి బండికి ముందు భాగం విడిపోయే సెట్టు మంచిది. డిస్‌ప్లే, బటన్లు ఉన్న చిన్న ముక్క డ్రైవరు చేతికందే చోట ఉంటుంది, బరువైన పెట్టె సీటు కిందో వెనకో ఉంటుంది, మధ్యలో ఒక కేబుల్. సీటు కింద పెడితే మాత్రం దాని వెనక ఉండే రెక్కల ఇనుముకు గాలి తగలాలి. మాట్లాడినప్పుడు వేడెక్కేది అక్కడే. దాని మీద సంత నుంచి తెచ్చిన రాగుల మూట పెడితే వారంలో సెట్టు పోతుంది. కొత్త బళ్లలో ఎయిర్‌బ్యాగు తెరుచుకునే చోట సెట్టు గానీ మైకు గానీ బిగించకూడదు. అది పేలినప్పుడు సెట్టు ఎగిరొచ్చి ముఖానికి తగులుతుంది. స్పీకరు మామూలుగా సెట్టులోనే ఉంటుంది. ఘాట్‌లో ఇంజను మోతకు అది వినపడదు, అందుకని చెవి దగ్గరికి ఒక బయటి స్పీకరు పెట్టుకోవాలి.

కరెంటు. ఈ సెట్లు 13.8 వోల్టుల డీసీకి తయారవుతాయి, అంటే ఇంజను నడుస్తున్నప్పుడు బండి బ్యాటరీ దగ్గర ఉండే వోల్టేజీకి. యాభై వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు పది పన్నెండు ఆంపియర్లు లాగుతుంది. వినేటప్పుడు ఒక ఆంపియరు కూడా ఉండదు. సిగరెట్ లైటర్ సాకెట్ అంత లోడుకు చేసింది కాదు. ఒకసారి ఒక కాంట్రాక్టరు బండి వచ్చింది. సాకెట్ నుంచి వైరు లాగారు, ప్లాస్టిక్ కరిగి నల్లగా మాడిపోయింది. అదృష్టం కొద్దీ బండి అంటుకోలేదు. సరైన పద్ధతి ఒకటే. ప్లస్, మైనస్ రెండు వైర్లూ తిన్నగా బ్యాటరీకి పోవాలి, రెండింటికీ బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. ఇంజను గదిలోంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు వాచరు వేయాలి, లేకపోతే రేకు అంచు వైరును కోసేస్తుంది. ఇలా తిన్నగా లాగితే ఇంజను స్పీడు పెరిగినకొద్దీ స్పీకర్లో వచ్చే ఈల లాంటి చప్పుడు కూడా చాలావరకు తగ్గుతుంది.

యాంటెన్నా. డబ్బులు తక్కువుంటే సెట్టు మీద తగ్గించుకోండి, యాంటెన్నా మీద వద్దు. అన్నిటికంటే మంచి చోటు ఇనుప కప్పు నడిమధ్య. కప్పుకు రంధ్రం చేసి బిగిస్తే ఏళ్లపాటు కదలదు. రంధ్రం చేయడానికి ఓనరు ఒప్పుకోడు కాబట్టి చాలామంది అయస్కాంతం దిమ్మ వాడతారు. బొలెరో లాంటి ఇనుప కప్పుకు అది బాగానే పట్టుకుంటుంది. కానీ మన సర్వీసు జీపులకు పైన కాన్వాసు, ఆటోలకు రెక్సిన్, బోట్లకు ఫైబరు. అయస్కాంతం పట్టదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పావు తరంగం యాంటెన్నాకు కింద రేకు అద్దంలా పనిచేయాలి. రేకు లేకపోతే సగం యాంటెన్నా లేనట్టే. అలాంటి బండికి బానెట్టు పక్కన ఎల్ పట్టీతో బిగించాలి, లేదా రేకు అవసరం లేని సగం తరంగం యాంటెన్నా తెచ్చి వెనక రాడ్డుకు కట్టాలి. మోటారుసైకిలు ఫీడర్ అంబులెన్సుకు కూడా ఇదే దారి. వెనక క్యారేజీ పక్కన సగం తరంగం యాంటెన్నా, నీళ్లు దూరని పెట్టెలో సెట్టు, కుదుపు తట్టుకోవడానికి కింద రబ్బరు.

పొడుగు విషయం కూడా తెలుసుకోండి. 145 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగం అంటే దాదాపు యాభై సెంటీమీటర్లు, మూరెడు పైన. ఇంతకు రెండున్నర రెట్లుండే పొడుగు యాంటెన్నా మైదానంలో దూరం లాగుతుంది, ఎందుకంటే అది శక్తినంతా నేలకు దగ్గరగా చుట్టూ పంపిస్తుంది. లోయ అడుగు నుంచి పైనున్న కొమ్ముతో మాట్లాడాలంటే పొట్టిదే మేలు, పైగా వెదురు కొమ్మలకు తగిలి విరగదు. బిగించాక ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో చూడాలి. 1.5 కంటే తక్కువ ఉంటే మంచిది. ఎక్కువుంటే పంపిన శక్తి వెనక్కి తిరిగొచ్చి సెట్టును కాలుస్తుంది. మీటరు చూడకుండా "పనిచేస్తోంది తీసుకో" అనే మెకానిక్‌కు డబ్బులు ఇవ్వకండి.

సెట్టులో ఏముండాలి? షాపువాడు వంద చెప్తాడు. మనకు కావాల్సినవి కొన్నే. ఒకటి, పవరు రెండు మూడు మెట్లలో మార్చుకునే వీలు, దగ్గరవాళ్లతో తక్కువలో మాట్లాడితే బ్యాటరీ మిగులుతుంది. రెండు, ఛానళ్లు ముందే నింపుకుని లాక్ చేసే వీలు, కంగారులో వేలు తగిలి ఫ్రీక్వెన్సీ మారకుండా. మూడు, స్క్వెల్చ్, ఎవరూ మాట్లాడనప్పుడు వచ్చే హోరును ఆపేది. నాలుగు, మైకు బటన్ సీటు కింద ఇరుక్కుపోయినా కాసేపటికి తనంతట తానే ఆగిపోయే టైమరు, లేకపోతే ఒక బండి అందరి నోరూ మూసేస్తుంది. ఐదు, కొండ మీద రిపీటరు పెడితే దానికి కుదిరే ఏర్పాటు. రిపీటరు అంటే కింది నుంచి విన్నదాన్ని అప్పుడే ఇంకో ఫ్రీక్వెన్సీలో పైనుంచి మళ్లీ పంపే సెట్టు. రెండు లోయల మధ్య కొమ్ము మీద అది ఒక్కటుంటే రెండు వైపులా వినిపిస్తుంది. వీహెచ్ఎఫ్, యూహెచ్ఎఫ్ రెండిట్లో ఒకటే కొనాల్సి వస్తే మన అడవికి వీహెచ్ఎఫ్. తడిసిన ఆకులు యూహెచ్ఎఫ్‌ను ఎక్కువ మింగుతాయి, కొండ అంచుల మీదుగా వంగి దిగడంలో కూడా వీహెచ్ఎఫ్ కొంచెం నయం.

ఇప్పుడు అసలు మాట. కొనే ముందు లైసెన్సు.

మన దేశంలో వైర్‌లెస్ సెట్టు దగ్గర పెట్టుకోవడానికే 1933 చట్టం కాలం నుంచి అనుమతి కావాలి. లైసెన్సు లేకుండా వాడుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ పవరు వాకీటాకీలు అలాంటివే. పంట కోత దగ్గర, జాతరలో జనాన్ని చూసుకోవడానికి అవి సరిపోతాయి, కొండ దాటవు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 5 వాట్ల సెట్లు ఆ కోవలోకి రావు. మన ప్రాంతంలో ఈ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. వేరే చోట లైసెన్సు లేని సెట్టు దొరికితే జరిమానాతో పోవచ్చు. ఏజెన్సీలో ఆదివాసీ కుర్రాడి సంచిలో దొరికితే అడిగే ప్రశ్నలు వేరు. నన్ను ఒక చెక్‌పోస్టు దగ్గర బస్సు దింపి సంచి తెరిపించారు. లైసెన్సు, సెట్టు బిల్లు, పరీక్ష పాసైన సర్టిఫికెట్టు మూడూ చూపించాను. ఎస్సై గారు అటూ ఇటూ తిప్పి చూసి, "మీ ఊళ్లో ఇంకెవరికైనా ఉందా ఇది?" అన్నారు. లేదన్నాను. "ఉంటే వానాకాలం మాకూ బాగుండేది" అని పంపేశారు. ఆ మూడు కాగితాలు లేకపోతే ఆ మాటలు వేరేగా ఉండేవని మీకు నేను చెప్పక్కర్లేదు.

హామ్ లైసెన్సు పెద్ద చదువేమీ కాదు. కేంద్ర టెలికాం శాఖ కింద పరీక్ష జరుగుతుంది. మొదటి మెట్టును రెస్ట్రిక్టెడ్ గ్రేడు అంటారు. కొంచెం రేడియో సిద్ధాంతం, కొంచెం నిబంధనలు. దీనికి మోర్స్ కోడు అక్కర్లేదు. ఇంటర్ ఫిజిక్సు అర్థమైనవాళ్లు రెండు మూడు నెలలు కూర్చుంటే సరిపోతుంది. పాసై లైసెన్సు వచ్చాక మీకంటూ ఒక పిలుపు పేరు వస్తుంది, చాలామందికి వీయూ3తో మొదలవుతుంది. ప్రపంచంలో ఇంకెవరికీ ఆ పేరు ఉండదు. బండిలో బిగించి వాడే ముందు మాత్రం లైసెన్సు షరతులు చదివి, కావాల్సిన అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

ఇంకో విషయం దాచకుండా చెప్పాలి. హామ్ రేడియో వ్యాపారానికి కాదు. జీపుకు ప్యాసింజర్లను పిలుచుకోవడానికి, కాఫీ ధర అడగడానికి వాడకూడదు. రోజూ అంబులెన్సు పిలవడానికి పెట్టే వ్యవస్థ కూడా హామ్ కాదు. అలాంటిదానికి శాఖ గానీ సంస్థ గానీ తన పేరు మీద వేరే ఫ్రీక్వెన్సీ, వేరే లైసెన్సు తీసుకోవాలి. హామ్ అసలు పనికొచ్చేది నేర్చుకోవడానికి, విపత్తు వచ్చినప్పుడు అధికారులతో కలిసి నిలబడటానికి. 2004 డిసెంబరులో భారతి ప్రసాద్ గారు అనే హామ్ అండమాన్‌లో ఒక బృందంతో రేడియో కార్యక్రమం నడుపుతున్నారు. 26వ తేదీన సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. పోర్ట్ బ్లెయిర్‌లో వాళ్లు పెట్టుకున్న సెట్లే బయటి ప్రపంచానికి కబురు మోశాయి. సరదాకి తీసుకెళ్లిన సెట్టు ఆ రోజు ప్రాణాలకు పనికొచ్చింది, ఎందుకంటే సెట్టు అప్పటికే బిగించి ఉంది, వాడే మనిషికి అప్పటికే చేతనైంది.

మనకు అలాంటి రోజు 2014 అక్టోబరు 12. హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి. మన కొండల మీద సిల్వర్ ఓక్ చెట్లు కూలి వాటి కింద కాఫీ తోటలు నలిగిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు, దారుల మీద చెట్లు. హాస్టల్లో ఉన్న మాకు ఇంటి కబురు లేదు, ఇంటివాళ్లకు మా కబురు లేదు. నాలుగో రోజు మా అయ్య నడుచుకుంటూ వచ్చాడు. నన్ను చూసి ఏమీ మాట్లాడలేదు, భుజం మీద చెయ్యేసి కాసేపు అలాగే నిలబడ్డాడు. వచ్చిన దారినే తిరిగి వెళ్తూ మా ఊరి పిల్లలు పదకొండు మంది పేర్లూ చీటీ మీద రాయించుకున్నాడు. ఊళ్లో ఇంటింటికీ చెప్పడానికి. పదకొండు పేర్లు చెప్పడానికి ఒక మనిషి రానూపోనూ రెండు రోజులు నడిచాడు. సెట్టు ఉంటే అది రెండు నిమిషాల పని.

కాబట్టి నా విన్నపం ఇది. ఊరికో జత కొనేద్దామన్న ఆలోచన కాసేపు పక్కన పెడదాం. ముందు మండలానికి ఇద్దరు ముగ్గురు, అందులో చెల్లెళ్లు కూడా, ఈ పరీక్ష రాయండి. పాలిటెక్నిక్, ఐటీఐ చదివే తమ్ముళ్లు బిగింపు పని చేతులతో నేర్చుకోండి, వైరింగ్ షాపులో ఒక సెలవుల కాలం చాలు. ఎవరి ఊరి దారిలో వాళ్లు ఏ కొమ్ము నుంచి ఏ లోయ కనపడుతుందో నోటుబుక్కులో గీయండి. దీనికి సెట్టు కూడా అక్కర్లేదు, కళ్లు చాలు. ఆ తర్వాత మన సంఘం తరఫున ఐటీడీఏకు ఒక అర్జీ పెడదాం: ఆరోగ్య బళ్లకు, ఫీడర్ అంబులెన్సులకు, దూరపు ఉప కేంద్రాలకు సరైన లైసెన్సుతో సెట్లు పెట్టండి, బిగించే పని, చూసుకునే పని మా పిల్లలకే ఇవ్వండి అని. అర్జీతో పాటు ఆ నోటుబుక్కులు, లైసెన్సులు కూడా బల్ల మీద పెడితే మాట వినడానికి వాళ్లకూ సులువు. వట్టి చేతులతో అడిగేదానికీ పని తెలిసినవాళ్లం వచ్చి అడిగేదానికీ తేడా ఉంటుంది.

వచ్చే ఆదివారం పాడేరులో నేనూ నా స్నేహితుడూ ఉంటాం. పరీక్ష రాయాలనుకునేవాళ్లు ఒక నోటుబుక్కు తెచ్చుకోండి. మా మామ జీపు కూడా అక్కడే ఉంటుంది, బిగింపు కళ్లారా చూడొచ్చు.